నిలువెత్తు బంగారం డిక్కీలో పట్టునా?

మా చెల్లెకు పిల్లగాన్ని చూడబోయి, ఒక్క చాయ తాగేలోపు "మంచోడే" అని లేచొచ్చిన మా బాపు, కారు చూడటానికి మాత్రం ఎనిమిది నెలలు తీసుకున్నాడు. అల్లుడైతే సర్దుకుపోతాం, కారుకు ఈఎంఐ ఉంటదని ఆయన వాదన. ఆ ఎనిమిది నెలల్లో హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో నేను తొక్కని షోరూము గడప లేదు. అంత తిరిగిన అధికారంతో కుటుంబ కారు ఎంపికపై కొన్ని గంభీరమైన ప్రతిపాదనలు లోకం ముందు పెడుతున్నాను. సంబంధిత మంత్రిత్వ శాఖ చదువుకోవచ్చు.

మొదటి అభ్యంతరం బొమ్మల మీద. భారత్ ఎన్‌క్యాప్ అని 2023 అక్టోబరు 1 నుంచి మన దేశంలో ఒక పరీక్ష నడుస్తోంది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారును తీసుకొచ్చి అడ్డుకు గుద్దుతారు. లోపల పెద్దవాళ్ల బొమ్మలుంటాయి, ఏడాదిన్నర పిల్ల, మూడేళ్ల పిల్ల బొమ్మలుంటాయి. పెద్దల రక్షణకు 32 మార్కులు, పిల్లల రక్షణకు 49. వాటిని బట్టి చుక్కలు, ఎక్కువలో ఎక్కువ ఐదు. ఏర్పాటు బాగుంది. నాకర్థం కానిదల్లా ఆ బొమ్మల నడవడిక. అన్నీ బెల్టు పెట్టుకుంటాయి. పిల్ల బొమ్మలు తమ సీట్లలో తాము కూర్చుంటాయి, నాయినమ్మ ఒళ్లోకి పోతానని ఏడవవు. ఒక్క బొమ్మయినా డ్యాష్‌బోర్డు మీద కాళ్లు చాపదు, ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య నిలబడి సర్వపిండి పంచదు. ఇంత క్రమశిక్షణ గల కుటుంబం ఉమ్మడి వరంగల్ జిల్లాలో నాకు తెలిసి లేదు. మరి ఆ ఐదు చుక్కలు ఎవరికొచ్చినట్టు? బొమ్మలకు. మనం బొమ్మల మార్కులు చూసి కారు కొని, వాటిలాగా కూర్చోమంటే మాత్రం నామోషీ పడుతున్నాం.

కాబట్టి మనకు మేడారం పరీక్ష కావాలి. విధానం ఇదీ. కారులో ఏడుగురిని ఎక్కించాలి. వాళ్లలో మోకాలు ఆపరేషన్ అయిన మనిషి ఒకరు, ములుగు దాటగానే కడుపులో తిప్పే పిల్లగాడు ఒకడు తప్పనిసరి. డిక్కీలో మేడారం జాతరలో సమ్మక్కకు మొక్కే నిలువెత్తు బంగారం (అంటే మనిషి బరువెంతో అంత బెల్లం), బియ్యం, గ్యాసు పొయ్యి, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, ప్రాణంతో ఒక కోడిపుంజు. హన్మకొండ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. దిగి డిక్కీ తెరిచినప్పుడు బంగారాన్ని పుంజు ముట్టుకొని ఉండకూడదు. అంతే. గోడ అవసరం లేదు, బొమ్మల ఖర్చు లేదు.

ఈ కొలతలు మనసులో పెట్టుకొని ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం ఒక షోరూముకు పోయాం. టై కట్టుకున్న పిల్లగాడొకడు కారుతో ఏదో ఇంగ్లీషులో మాట్లాడాడు. కారు పైకప్పు తెరుచుకుంది.

"ఎందుకు తమ్మి, ఎండ తక్కువైందా?" అన్నాడు బాపు.

"స్కై ఫీలింగ్ వస్తది అంకుల్."

ముప్పై ఐదేండ్లు పరకాల దిక్కు పొలంలో ఆకాశం కిందనే బతికిన మనిషికి, ఆకాశం ఒక ఫీచరనీ, దానికి పైసలు ఎక్కువనీ చెప్పడానికి ఆ వయసులో ఎంత ధైర్యం కావాలి! బాపు తల పైకెత్తి చూశాడు. పైన షోరూము సీలింగు ఫ్యాను తిరుగుతోంది. పిల్లగాడు తగ్గలేదు. తలుపుల వెంబడి సన్నటి దీపాలు వెలిగించి, "అరవై నాలుగు రంగులు మారుతయి ఆంటీ" అన్నాడు. మా అమ్మ కాసేపు చూసి, "బతుకమ్మల గూడ గిన్ని రంగులు పేర్వం బిడ్డా" అన్నది.

నా భార్య మాత్రం అడగవలసింది అడిగింది. వెనక సీటుకు ఏసీ గాలి వస్తదా, నడుమ కూర్చున్నోళ్లకు తలదిండు ఉందా, వెనక అద్దానికి వైపరు ఉందా అని. ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. పైకప్పు తెరుచుకునే వేరియంట్‌లోనే ఉన్నాయి. మే నెలలో నలభై నాలుగు డిగ్రీల ఎండకు వెనక కూర్చున్న పిల్లలకు గాలి కావాలంటే, ఆ ఎండ నెత్తిన పడే కిటికీ కూడా కొనాలన్నమాట. రోగమూ మందూ ఒకే పొట్లంలో కట్టి అమ్మే ఈ పద్ధతిని మెచ్చుకోకుండా ఉండలేం.

తర్వాత మూడో వరుస. ఏడుగురు కూర్చునే కార్లలో ఆరో మనిషి, ఏడో మనిషి ఎవరని కంపెనీలు ఊహించుకుంటాయో తెలుసుకోవాలంటే, అక్కడికి ఒక్కసారి మీ అమ్మను పంపించండి. పిల్లగాడు నడిమి సీటును మడిచి ముందుకు తోశాడు. జానెడు సందు తేలింది. అమ్మ చేతి సంచిని ముందు లోపలికి విసిరింది, అది సులువుగానే పోయింది. ఒక కాలు పెట్టింది. పట్టుకోవడానికి పిడి కోసం చెయ్యి తడిమితే సీటు బెల్టు దొరికింది. దాన్ని గుంజితే అది సాగింది. కుచ్చిళ్లు సీటు పట్టాలో చిక్కుకున్నాయి. నేను కింద కూర్చొని చీర తీస్తుంటే, పిల్లగాడు "నెమ్మది ఆంటీ, నెమ్మది" అంటుంటే, బాపు అటు తిరిగి కారు రంగు చూస్తున్నట్టు నటించాడు. చివరికి కూర్చుంది. కూర్చున్నాక ఆమె మోకాళ్లు ఆమె చెవులతో ముచ్చట పెట్టేంత ఎత్తున ఉన్నాయి. "మంచిగనే ఉన్నది" అన్నది లోపలి నుంచి. "ఇగ నేను ఈడనే ఉంట, దిగుడు నాతోని గాదు."

ఆ రోజు నేను నేర్చుకున్నది చిన్న విషయం. పెద్దవాళ్లు ఎక్కే కారు సీటు మన ఇంట్లో సోఫా ఎత్తు ఉండాలి. వంగి కూలబడేంత కిందికి వద్దు, ఎగిరెక్కేంత పైకి వద్దు. తలుపు బార్లా తెరుచుకోవాలి, పైన గట్టి పిడి ఉండాలి. ఈ నాలుగు ముక్కలూ ఎనిమిది షోరూముల్లో ఒక్క కరపత్రంలోనూ కనిపించలేదు. తెర ఎన్ని అంగుళాలో మాత్రం అందరూ మొదటి పేజీలోనే వేశారు.

ఇక డిక్కీ. దాన్ని లీటర్లలో చెప్తారు. "పాలు పోస్తరా?" అని అమ్మ అడిగితే పిల్లగాడు నవ్వాడు గాని, ఆ ప్రశ్నకు చరిత్ర ఉంది. జర్మన్ల పద్ధతిలో 200 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 50 మందం ఉన్న దిమ్మెలను డిక్కీలో పేరుస్తారు. ఒక్కో దిమ్మె ఒక లీటరు. ఎన్ని పడితే అన్ని లీటర్లు. అంటే వాళ్లూ దిమ్మెలతోనే కొలుస్తున్నారు, మనమూ దిమ్మెలతోనే కొలుస్తాం, తేడా అల్లా మనవి బెల్లంవి. కనుక ఇకమీదట కరపత్రాల్లో "డిక్కీ: ఒక నిలువెత్తు, 62 కిలోల మనిషికి" అని వేయాలని నా రెండో ప్రతిపాదన. 62 అమ్మ బరువు. మోకాలు బాగైతే నిలువెత్తు బంగారం పెడతానని సమ్మక్కకు మొక్కుకుంది, ఆపరేషన్‌కు ముందు.

అయితే మన దేశంలో డిక్కీని ఇంజినీర్లు గీయరు, పన్ను గీస్తుంది. కారు నాలుగు మీటర్లలోపు ఉండి, పెట్రోలు ఇంజిను 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకపోతే అది చిన్న కారు. 2025 సెప్టెంబరు 22 నుంచి దానికి జీఎస్టీ 18 శాతం, ఆ గీత దాటితే 40. అందుకే మన వీధుల్లో అన్ని కార్ల పొడవూ 3,995 మిల్లీమీటర్ల దగ్గర భక్తిగా ఆగుతుంది. ముందు ఇంజినుకు చోటు కావాలి, నడుమ మనుషులకు కావాలి, కోయడానికి మిగిలేది తోకే. ఢిల్లీలో గీసిన గీత సరిగ్గా అమ్మ మొక్కు మీదుగా పోయిందని అక్కడ ఎవరికీ తెలియదు. సీఎన్‌జీ తీసుకుందామని బావ సలహా ఇచ్చాడు, ఖర్చు తక్కువని. నిజమే. చాలా కార్లలో ఆ సిలిండరు కూర్చునేది కూడా డిక్కీలోనే.

మైలేజీ గురించి ఎక్కువ చెప్పను. కంపెనీ చెప్పే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి తీసింది. మీకు ఏసీ ఆపి రోలర్ల మీద ప్రయాణించే అవకాశం ఉంటే అంత తప్పక వస్తుంది.

గ్రౌండ్ క్లియరెన్స్, అంటే కారు కడుపుకూ రోడ్డుకూ నడుమ ఉండే ఎడం, దగ్గర మాత్రం ఆగాలి. స్పీడు బ్రేకరు ఎట్లుండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది: ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మా ఊరివాళ్లు ఈ రెండు అంకెలనూ గౌరవించి, వెడల్పులోంచి కొంత తీసి ఎత్తుకు కలిపారు. దానికి రంగు వేయలేదు. రంగు వేస్తే కనిపిస్తుంది, కనిపిస్తే ముందే తెలిసిపోతుంది, తెలిసిపోతే ఇక మజా ఏముంది? షోరూములో చెప్పే 190, 200 మిల్లీమీటర్లు చాలాసార్లు ఖాళీ కారువి. ఏడుగురూ 62 కిలోల బెల్లమూ ఎక్కాక కారు ఎంత కిందికి దిగుతుందో ఎవరూ చెప్పరు. కారే చెప్తుంది, కడుపుతో, మొదటి స్పీడు బ్రేకరు మీద.

కోతల కాలంలో మరో పరీక్ష ఉంది. రోడ్డు సగం మీద వడ్లు, మిగతా సగం మీద మనం. రాత్రయితే కుప్ప మీద నల్ల పరదా, పరదా ఎగరకుండా అంచు పొడవునా బండరాళ్లు. ఈ మధ్య కార్లకు గీత తప్పకుండా నడిపే తెలివి పెట్టారు. పాపం, దానికి గీత కావాలి. మా రోడ్డు మీద గీత వడ్ల కింద ఉంటుంది. ఆ పైసలు మంచి హెడ్‌లైట్లకు పెట్టండని అడిగినవాళ్లకల్లా చెప్తున్నాను, ఎవరూ అడగలేదు.

బావ కథ చెప్పకుండా ముందుకు పోలేను. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చినప్పుడు హన్మకొండలో వాళ్ల కాలనీలోకి నాలా వచ్చింది. కొత్తదేం కాదు, 2020 ఆగస్టులో వచ్చింది, 2023 జూలైలో వచ్చింది. ఇండ్లు పోయి దాని జాగాలో కూర్చున్నాయి గనుక, అది వచ్చి ఇండ్ల జాగాలో కూర్చుంటుంది. తెల్లారేసరికి కారు తలుపు పిడి దాకా నీళ్లు. నీళ్లు తీశాక బావ వేలితో స్టార్ట్ బటన్ నొక్కాడు. కారు మూలిగింది. రెండోసారి నొక్కాడు. మూడోసారి నొక్కినప్పుడు లోపల కటుక్కుమంది. ఇంజినులోకి పోయిన నీరు గాలిలాగా నలగదు, పిస్టను నలపాలని చూస్తే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. బీమావాళ్లు వచ్చి చూసి, నీళ్లు వాటంతటవే వస్తే ప్రకృతి, మీరు బటన్ నొక్కితే మీ తప్పు, పైగా ఇంజినుకు విడిగా పైసలు కట్టే బీమా, ఇంజిన్ ప్రొటెక్ట్, తీసుకోలేదు అన్నారు. బావకు కారు కొన్నప్పుడు ఆ కాగితం చూపించారు. ఆయన దాన్ని కాదని, అంతకన్నా ఎక్కువ పోసి తొమ్మిది వచ్చే ఫ్యాన్సీ నంబరు తీసుకున్నాడు. ఆ నంబరు ప్లేటు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇన్ని చూసి, ఇంత నేర్చి, కార్తీకం దాటకముందే మేమూ కొన్నాం. పైకప్పు తెరుచుకునేదే. పిల్లలు ఓటేశారు. భద్రకాళి గుడి ముందు పూజ చేయించి నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాం. మన దగ్గర ప్రతి కారుకూ తప్పకుండా జరిగే గుద్దుడు పరీక్ష ఇదొక్కటే. ఇంతవరకు ఫెయిలైన కారు లేదు. అటునుంచి అటే రోడ్డు పక్క దుకాణానికి పోతే, సీట్ల పక్కన దాగిన ఎయిర్‌బ్యాగుల మీదుగా బిగుతుగా కవర్లు కుట్టిచ్చాడు. ముందు ఇనుప గార్డు పెడతానన్నాడు, 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దన్న సామాను అది. చివరగా ఆప్యాయంగా ఒక చిన్న క్లిప్పు చేతిలో పెట్టాడు. బెల్టు పెట్టుకోకున్నా కారు అరవకుండా దాని నోరు మూసేది. ఇలాంటివి అమ్మొద్దని 2023లో వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అంగళ్లకు ఆదేశాలిచ్చింది. రోడ్డు పక్క అంగడికి ఇంటర్నెట్టు లేదు. ఒక్కొక్కటి వంద రూపాయలట. ఐదు చుక్కల కారులో ప్రాణం పోగొట్టుకోవడానికి ఇంతకన్నా చవకైన ఫీచరు నాకు కనబడలేదు.

ఇక మేడారం. జనవరి 30, శుక్రవారం, తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరుతుంటే అమ్మ మూడో వరుస వైపు ఒక్కసారి చూసి, "మీరు కార్ల రాండ్రి. నేను చిన్నమ్మతోని బస్సుల వోత" అన్నది. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్. హన్మకొండలో ఎక్కితే నేరుగా జాతర దగ్గర దింపుతారు. నేను నచ్చజెప్పబోయాను. ఆమె సంచి అప్పటికే చిన్నమ్మ చేతిలో ఉంది. మంచిదే అయింది. మూడో వరుస మడిచేస్తే 62 కిలోల బంగారం పట్టింది, బియ్యం పట్టింది, పొయ్యి పట్టింది, పుంజుకు గాలాడింది. మేడారం పరీక్షలో నా కారు సగం పాసైందని అందరికీ ఫోన్ చేసి చెప్పాను.

పస్రా దాటాక ఆగిపోయాం. ముందు కార్లు, వెనక కార్లు, అన్నీ 3,995 మిల్లీమీటర్లవి. పిల్లలు పైకప్పులోంచి తలలు బయటపెట్టి, ఎంత దూరం ఆగిందో చూసి చెప్పారు. దానికి పనికొచ్చింది. పదకొండింటికి ఫోను మోగింది.

"ఏడున్నరు బిడ్డా?"

"దారిలనే ఉన్నమమ్మా. మీరు?"

"మేం వాగుల తానాలు జేసి, గద్దెలు మొక్కి, చెట్టు కింద కూసున్నం."

"మరి బంగారం?"

"నీ డిక్కీల దాని కోసం తల్లిని ఆగుమందునా? ఈడ ఓ ముద్ద కొని పెట్టిన. మిగిలింది మెల్లగ తేండ్రి."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగి చూశాను. బెల్లం గుడ్డ తొలగి ఉంది. దాని మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడి, పుంజు కూసింది.