అగత్తికి రన్‌వే ఒక్కటే సరిపోదు
లక్షద్వీప్‌లోని అగత్తి ద్వీపం రన్‌వేని పొడిగించి పెద్ద విమానాలు దింపితే అక్కడి పర్యాటకం దానంతటదే పుంజుకుంటుందన్న మాట నాకు మింగుడు పడలేదు. దాదాపు 1,200 మీటర్ల రన్‌వే మీద ఏటీఆర్ లాంటి చిన్న విమానాలే దిగుతాయి, నిజమే. కిటికీలోంచి చూస్తే అటూ ఇటూ సముద్రమే, చక్రాలు నేలను తాకేదాకా టెన్షనే. కానీ అసలు ఇబ్బంది మంచినీళ్లది. పగడపు నేల కింద పలుచటి పొరగా నిలిచే వాననీరే అక్కడి బావులకు ఆధారం. ఎక్కువ తోడితే ఉప్పునీరు పైకొస్తుంది. మేం దిగిన చోట స్నానానికి పెట్టిన బకెట్ నీళ్లే ఉప్పగా తగిలాయి. జనాన్ని పెంచేముందు ఆ నీళ్ల సంగతి తేల్చాలి. రన్‌వే పొడిగిస్తే మాత్రం, ప్రాణం మీదికొచ్చిన ద్వీపవాసిని కొచ్చి ఆసుపత్రికి చేర్చడమే దాని మొదటి పని కావాలి, టూరిస్టుల లెక్క ఆ తర్వాతే.