సవరణ: టీఎల్‌డీ బ్యాడ్జి ఏప్రాన్ లోపలే

మొన్న ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సు గురించి రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

టీఎల్‌డీ బ్యాడ్జిని (ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే బిళ్ల) లెడ్ ఏప్రాన్ (కిరణాల్ని ఆపే సీసపు కోటు) పైన పెట్టుకోమన్నాను. కాదు, లోపల, ఛాతీ దగ్గర పెట్టుకోవాలి. రేడియేషన్ మన ఒంటికి ఎంత తగిలిందో తెలియాలి గానీ ఏప్రాన్‌కి ఎంత తగిలిందన్నది మనకెందుకు? జగదాంబ దగ్గర టీ తాగుతుంటే జూనియర్ ఒకడు కనిపించి, "అన్నా, నువ్వు రాసింది చూసి పైన తగిలించుకున్నాను. మా మేడమ్ అందరి ముందూ పీకి లోపల పెట్టించారు" అన్నాడు. నిజంగా సిగ్గేసింది. ఆ టీ డబ్బులు నేనే ఇచ్చాను.

రెండోది, ఈ పని చేసేవాళ్ల ఒంటికి ఏడాదికి 50 మిల్లీసీవర్ట్‌ల (రేడియేషన్ కొలత) దాకా తగిలినా ఫర్వాలేదన్నాను. అది అమెరికా లెక్క. మన దేశంలో రేడియేషన్ భద్రత చూసే ఏఈఆర్‌బీ ప్రకారం వరుసగా ఐదేళ్ల సగటు ఏడాదికి 20 దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. ఇంటర్ అవగానే చేరి ఇంకా 18 నిండని పిల్లలకైతే 6 మాత్రమే. ఎమ్మారై, అల్ట్రాసౌండ్‌లలో ఎక్స్‌రే కిరణాలే ఉండవు కాబట్టి అక్కడ ఈ లెక్క రాదు.

బ్యాడ్జి జేబులో వేసుకుని అలాగే ఆర్కే బీచ్‌కి పోయేవాళ్లని చూశాను. ఎండకీ వేడికీ రీడింగ్ పాడవుతుంది. డ్యూటీ అవగానే ఎక్స్‌రే గదికి దూరంగా, బ్యాడ్జిల స్టాండుకి తగిలించి వెళ్లండి.