భవనం కట్టేది ఒకరు, బిల్లు కట్టేది ఇంకొకరు

ఏప్రిల్ నెలలో సాయంత్రం నాలుగింటికి హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పడమటి ముఖం ఉన్న ఏదో ఒక అద్దాల భవనంలోకి వెళ్లి చూడండి. నేల నుంచి సీలింగ్ దాకా అద్దమే. కానీ ఆ అద్దంలోంచి బయట ఏముందో కనపడదు. లోపలివైపు బ్లైండ్లన్నీ కిందికంటా దించేసి ఉంటాయి. బ్లైండ్లు దించారు కాబట్టి చీకటి, చీకటి కాబట్టి పట్టపగలు లైట్లు. అద్దం దాటి వచ్చేసిన వేడి మళ్లీ బయటికి పోదు కాబట్టి ఏసీ ఇంకాస్త గట్టిగా పనిచేయాలి. కిటికీ పక్క సీటు ఏరికోరి తీసుకున్నవాళ్లకు ఒక చెంప మీద సెగ, ఇంకో చెంప మీద చలి. వెలుతురు కోసం అద్దానికి డబ్బు పెట్టాం, ఆ వెలుతురును ఆపడానికి బ్లైండుకు పెట్టాం, పోయిన వెలుతురు కోసం మళ్లీ లైటుకు పెడుతున్నాం. రోడ్డు మీద నుంచి చూసినవాళ్లు మాత్రం ఎలివేషన్ అదిరిందంటారు.

దీన్ని ఆర్కిటెక్టుల తెలివితక్కువతనం అనేయడం తేలిక. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ సూర్యుడు ఎటు తిరుగుతాడో ఆర్కిటెక్టులకు తెలియకపోవడమేంటి?

హైదరాబాద్ భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఇక్కడ దక్షిణపు గోడతో పెద్ద పేచీ లేదు. మార్చి 21న మధ్యాహ్నం సూర్యుడు 72 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు ఐదడుగుల కిటికీకి అడుగున్నర, పోనీ రెండడుగుల సన్‌షేడ్ వేస్తే అద్దం మీద నేరుగా ఎండ పడదు. మే రెండో వారంలో ఒక రోజు, ఆగస్టు మొదటి వారంలో ఇంకో రోజు మిట్టమధ్యాహ్నం నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. ఆ రెండింటి మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరానే ఉంటాడు. కష్టమంతా తూర్పు, పడమరలతోనే. ఏటవాలుగా దూసుకొచ్చే ఎండను సన్‌షేడ్ ఆపలేదు. అందుకే భవనాన్ని తూర్పు పడమరలుగా పొడుగ్గా పరిచి, పొట్టి గోడలను ఆ రెండు దిక్కులకు వదలాలన్నది ఈ ప్రాంతంలో ఓనమాల్లాంటి విషయం. వాస్తు గురించి అడిగినంత గట్టిగా దీని గురించి అడిగే క్లయింటు మాత్రం దొరకడు.

ఖరీదైన అద్దం వేస్తే సరిపోతుంది కదా అంటారు. లెక్క వేసి చూద్దాం. ఫ్రిజ్‌ల మీద స్టార్లు వేయించే బీఈఈ 2017లో సవరించిన ఈసీబీసీ అనే భవనాల కోడ్ ప్రకారం, మన ఊళ్లలో ఉత్తరం కాని దిక్కులకు పెట్టే అద్దం తన మీద పడిన సూర్యుడి వేడిలో 27 శాతానికి మించి లోపలికి వదలకూడదు. మంచి అద్దమే. ఏప్రిల్ సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతోందనుకుందాం. మీటరున్నర వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న ఒక్క పలక మీద 2,700 వాట్లు. అందులో 27 శాతం అంటే 729. మామూలు ఇస్త్రీ పెట్టె 750 వాట్లు. కోడ్ మెచ్చిన అద్దమే వేసినా, ఒక్కో పలక వెనకాల ఒక్కో ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి ఉంచి ఆ గదిని చల్లబరచమని ఏసీ చిల్లర్‌ని అడుగుతున్నామన్నమాట.

పోనీ వెలుతురైనా దక్కుతుందా? కిటికీ పైఅంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే పగటి వెలుతురు పనికొచ్చేలా లోపలికి వెళుతుంది. సీలింగ్ తొమ్మిదడుగులైతే మహా అయితే ఇరవై అడుగుల పైచిలుకు. పెద్ద ఐటీ భవనాల్లో అద్దం నుంచి నడిమధ్య లిఫ్టుల గోడ దాకా అంతకు రెండింతల దూరం ఉండటం మామూలే. పైగా బల్ల ఎత్తు కంటే కింద ఉన్న అద్దం వల్ల బల్ల మీదికి వచ్చే వెలుతురు దాదాపు ఏమీ లేదు. వేడి మాత్రం అక్కడి నుంచీ వస్తుంది. కాళ్ల దగ్గరి చెత్తబుట్టకు, కంప్యూటర్ వైర్లకు ఎండ తగిలించడానికి అంత ఖరీదైన గాజు ఎందుకని ఎవరూ అడగరు.

అడగాల్సినవాడు ఆ సమయానికి అక్కడ ఉండడు, అదీ సంగతి. తెలుగులో ఒక తమాషా ఉంది: ఇల్లూ కడతాం, బిల్లూ కడతాం. సొంతింట్లో రెండూ కట్టేది ఒకరే కాబట్టి తేడా తెలియదు. వాణిజ్య భవనంలో ఈ ఇద్దరూ వేరు. డెవలపర్ స్తంభాలు, స్లాబులు, చుట్టూ అద్దం పూర్తిచేసి ఖాళీ అంతస్తులు అద్దెకిస్తాడు. కరెంటు బిల్లు అద్దెకొచ్చిన కంపెనీది. డెవలపర్‌కు కావలసింది భవనం త్వరగా పూర్తవడం, గొప్పగా కనపడటం. అద్దం రెండూ ఇస్తుంది. గాజు బిగించిన అల్యూమినియం ఫ్రేములు తయారై లారీల్లో వస్తాయి. పైన స్లాబు పోస్తుండగానే కింది అంతస్తులకు తగిలించుకుంటూ పోవచ్చు. ఇటుక, ప్లాస్టరింగ్, క్యూరింగ్, పెయింటు ఏవీ అక్కర్లేదు. గోడ మందం తగ్గి అద్దెకిచ్చే అడుగులు కొన్ని కలిసొస్తాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన దగ్గర్నుంచి అద్దం అంటే ఐటీ, ఐటీ అంటే అద్దం అన్న ముద్ర ఎలాగూ పడింది. 2006లో జీవో 86 హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి (ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే హద్దు) ఎత్తేశాక రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం కలిసి భవనం ఎత్తును, ఆకారాన్ని నిర్ణయిస్తున్నాయి. ప్లాటు ఎటు తిరిగుంటే భవనమూ అటే. ఆ లెక్కలో సూర్యుడికి చోటు లేదు.

అద్దెకొచ్చే కంపెనీ అయినా నిలదీయొచ్చు కదా? జీతాల ఖర్చు ముందు కరెంటు బిల్లు దానికి చిన్న పద్దు. కొన్నేళ్లకు ఖాళీ చేసి వెళ్లే చోట గోడల గురించి గొడవపడే ఓపిక ఎవరికుంటుంది?

చిత్రమేంటంటే ఈ అద్దం గోడకు పేరు తెచ్చింది ఆఫీసు కాదు, ఫ్యాక్టరీ. జర్మనీలోని ఆల్‌ఫెల్డ్‌లో బూట్ల అచ్చులు తయారుచేసే ఫాగుస్ కర్మాగారాన్ని 1911లో వాల్టర్ గ్రోపియస్, అడోల్ఫ్ మేయర్ డిజైన్ చేసినప్పుడు మూలల్లో స్తంభం కూడా లేకుండా గాజు చుట్టేశారు. 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం అది. చలికాలంలో వెలుగు కోసం మొహం వాచే చోటు. అంతకు ఏడాది ముందే డెట్రాయిట్ దగ్గర హైలాండ్ పార్క్‌లో ఫోర్డ్ కార్ల కోసం ఆల్బర్ట్ కాన్ కట్టిన ఫ్యాక్టరీలో కాంక్రీటు స్తంభాల మధ్య గోడంతా కిటికీలే. ట్యూబ్‌లైట్ ఇంకా రాని రోజులు. పనివాడికి బోల్టు కనపడకపోతే యజమానికే నష్టం, అందుకని వెలుతురు మీద యజమానే డబ్బు పెట్టాడు. ఆ గోడ తర్వాత ఆఫీసులకు పాకింది. మన దాకా వచ్చేసరికి వ్యవహారం పూర్తిగా తిరగబడింది. ఆఫీసుకు నిలువెత్తు గాజు, ఫ్యాక్టరీకి కిటికీ లేని రేకుల డబ్బా.

ఆ డబ్బా గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి. ఐటీ టవర్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, షెడ్డు గురించి రాసేవాళ్లు తక్కువ. జీడిమెట్ల, పటాన్‌చెరు నుంచి అచ్యుతాపురం, శ్రీసిటీ దాకా కొత్తగా లేస్తున్న వాటిలో పీఈబీ షెడ్లే ఎక్కువ. ప్రీ ఇంజనీర్డ్ బిల్డింగ్ అని పూర్తి పేరు. ఉక్కు ఫ్రేములు వేరేచోట తయారై వస్తే ఇక్కడ బోల్టులతో బిగిస్తారు. ఇంజనీరింగ్ వరకు చూస్తే ముచ్చటైన వస్తువు: బలం ఎక్కువ కావలసిన చోట దూలం లోతుగా, తక్కువ చాలిన చోట సన్నగా ఉంటుంది. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా వందడుగుల వెడల్పు సునాయాసంగా దాటేస్తుంది. నెలల్లో పని పూర్తి. కానీ దీన్ని డిజైన్ చేయించుకునేవాళ్లు అరుదు, అందరూ కొనుక్కుంటారు. కొటేషన్ అంతా బరువుల్లోనే. చదరపు అడుగుకు ఎన్ని కేజీల ఉక్కు, కేజీ ఎంత. అందులో పనిచేయబోయే మనిషి ఆ కాగితంలో ఎక్కడా కనపడడు.

మన ఎండల్లో ఒంటి అంతస్తు భవనానికి అసలు ఎలివేషన్ పైకప్పే. గోడలన్నిటికంటే ఎండ ఎక్కువ తినేది అది. అర మిల్లీమీటరు రేకు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాలిపోయి కింద ఉన్నవాళ్ల నెత్తి మీదికి సెగ వదులుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే వేడి గాలే అటూ ఇటూ తిరుగుతుంది. రేకు కింద ఫాయిల్ అంటించిన గ్లాస్‌వూల్ రెండంగుళాలు పరిస్తే పరిస్థితి చాలా మారుతుంది. కానీ బేరంలో మొదట ఎగిరిపోయేది ఆ లైనే. దాని బదులు పైన టర్బో వెంటిలేటర్లు వస్తాయి. హైవే మీద పోతుంటే షెడ్ల నెత్తిన మెరుస్తూ గిర్రున తిరుగుతుంటాయి, లోపల గాలి బాగా ఆడుతోందనిపిస్తుంది. పైనుంచి వేడి గాలి పోవాలంటే కింది నుంచి ఇంకో గాలి లోపలికి రావాలి కదా. చాలా షెడ్లకు కింద తల దాటేదాకా ఇటుక గోడ, ఆపైన రేకు. షట్టర్లు దుమ్ము భయంతోనో దొంగల భయంతోనో సగం రోజు మూసే ఉంటాయి. రావడానికి దారి లేని గాలి పోయేదెట్లా? గోడ అడుగున బారుగా జాలీలు పెట్టి, కప్పు నడినెత్తిన పొడవునా తెరిచి ఉంచితే నెత్తిన ఆ తిరిగే వెంటిలేటర్లు లేకపోయినా గాలి దానంతటదే లేస్తుంది.

వెలుతురుదీ ఇదే గతి. పాత మిల్లుల కప్పులు రంపపు పళ్లలా ఉండేవి. పన్ను నిలువు ముఖం ఉత్తరానికి తిప్పి అందులో అద్దం పెట్టేవాళ్లు. ఉత్తరపు వెలుతురు నిలకడగా ఉంటుంది, వేడి తక్కువ. పళ్ల మధ్య వాన నీళ్లు కారతాయని, ఉక్కు ఎక్కువ పడుతుందని ఆ పద్ధతి వదిలేశారు. ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. ఇప్పుడు రేకుల మధ్య అక్కడక్కడా పాలికార్బొనేట్ షీట్లు ఇరికిస్తున్నారు. వాటి కింద నిలబడ్డవాడికి ఎండ, కొన్నేళ్లకు షీటు పసుపెక్కాక మసక.

1948లో రాసిన ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్, గోడలు, పైకప్పు లోపలి వేడిని వీలైనంత తగ్గించేలా ఉండాలని అప్పుడే చెప్పింది. 16వ సెక్షన్ మనిషికి 14.2 ఘనపు మీటర్ల చోటు చూపించమంటూ, నేల నుంచి 4.2 మీటర్లకు పైన ఉన్న ఎత్తును లెక్కలో కలపొద్దంది. కప్పు ఎత్తు చూపించి చోటు లెక్క సరిపెట్టేస్తారని ఆ రాసినవాళ్లు ఊహించినట్టున్నారు.

ఇదే నేల మీద వేడి విషయంలో ఇంకోలా కట్టిన భవనాలూ ఉన్నాయి. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు చూడండి. ఎండు మిర్చి రంగు చెడకుండా నెలల తరబడి చల్లగా ఉంచాలి కాబట్టి గోడకూ కప్పుకూ అంగుళాల మందాన ఇన్సులేషన్, గాలి చొరబడని తలుపు. ఆ యజమానికి భవన శాస్త్రం ఎవరూ నేర్పలేదు, నెలనెలా కరెంటు బిల్లు నేర్పింది. డేటా సెంటర్లూ అంతే. విశాఖలో భారీ ఏఐ డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. ఆ రంగంలో భవనం మొత్తం వాడే కరెంటును లోపలి కంప్యూటర్లు వాడే కరెంటుతో భాగించి పీయూఈ అని ఒక అంకె పెట్టుకుంటారు. అది రవ్వంత తగ్గినా పండగే. మిరపకాయకూ సర్వరుకూ దొరికిన పైకప్పు ప్యాకింగ్ సెక్షన్‌లో నిలబడ్డ మనిషికి దొరకలేదు. మిరపకాయ వేడెక్కితే నష్టం యజమానిది, మనిషి వేడెక్కితే నష్టం ఆ మనిషిదే.

బాగా కట్టిన ఆఫీసులూ లేకపోలేదు, హైదరాబాద్‌లోనే ఉన్నాయి. కొండాపూర్ దగ్గర 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన, పరిశ్రమల సంఘం సీఐఐ వారి గ్రీన్ బిజినెస్ సెంటర్ అమెరికా బయట, పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ అందుకున్న మొదటి భవనం. గుండ్రటి కట్టడం, నడుమ ఆకాశం కనపడే ముంగిలి, జాలీ గోడలు, గాలి గోపురాలు, కప్పు మీద తోట. పోచారంలో ఇన్ఫోసిస్ 2011లో చేసింది ఇంకా ఆసక్తికరం. ఒకే భవనాన్ని రెండు సరిసమాన సగాలుగా కట్టి, ఒక సగానికి మామూలు ఏసీ, రెండో సగానికి స్లాబుల్లోనే పైపులు పరిచి చల్లటి నీళ్లు పారించే రేడియంట్ పద్ధతి పెట్టారు. మొదటి రెండేళ్లలో రెండో సగం చల్లదనం కోసం మూడో వంతు తక్కువ కరెంటు వాడింది. కట్టడానికైన ఖర్చు కూడా ఎక్కువేం కాలేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎండ విచ్చలవిడిగా లోపలికొచ్చే అద్దాల పెట్టెలో ఈ చల్లటి స్లాబు నెగ్గుకురాలేదు. ముందు గోడ, కిటికీ, నీడ సరిగ్గా కుదిరితేనే దీని పప్పులు ఉడుకుతాయి.

మూడోది నాకు బాగా ఇష్టమైనది. 2012లో ఆర్కిటెక్ట్ రాహుల్ మెహరోత్రా సంస్థ డిజైన్ చేసిన, కేఎంసీ అనే కంపెనీ కార్పొరేట్ ఆఫీసు. లోపల మామూలు కాంక్రీటు, మామూలు కిటికీలు. వాటికి కొంచెం ఎడంగా బయట అల్యూమినియం జాలీ తొడుగు, దాని నిండా మట్టి లేకుండా పెరిగే మొక్కల తొట్లు, సన్నగా నీటి తుంపర చల్లే గొట్టాలు. మొక్కలు ఎండను ఆపుతాయి, తుంపర దుమ్మును, వేడిని తగ్గిస్తుంది. మొక్కలు చూసుకునే తోటమాలులు ఆ రెండు తొడుగుల మధ్య సందులో అన్ని అంతస్తుల్లోనూ తిరుగుతుంటారు. కిటికీ ఇవతల మేనేజర్, అవతల తోటమాలి, ఒకరికొకరు కనపడుతూ. మన ఆఫీసుల్లో ఇలా జరగదు, ఆర్కిటెక్ట్ కావాలనే అలా ఆలోచించాడు.

ఈ మూడూ కట్టుకున్నవాళ్ల సొంత అవసరానికి కట్టుకున్నవే. అద్దెకివ్వడానికి కట్టిన భవనాల్లో ఇలాంటివి చూపించమంటే నాకు వెంటనే పేరు తట్టదు.

రూల్స్ లేవా అంటే అవీ ఉన్నాయి. ఈసీబీసీని ఉమ్మడి రాష్ట్రం 2014 జనవరిలోనే నోటిఫై చేసింది. 2017 కోడ్ గోడలో అద్దం 40 శాతం దాటొద్దంటుంది. అయితే భవనం మొత్తం లెక్క కంప్యూటర్లో కట్టి చూపిస్తే దాటొచ్చు కూడా, ఆ తలుపులోంచే అద్దాల టవర్లన్నీ వస్తాయి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వాణిజ్య భవనాలకు చల్లని కప్పు (తెల్లపూత లాంటిది వేసి ఎండను వెనక్కి కొట్టేది) తప్పనిసరి చేసింది, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు లక్ష్యంగా పెట్టుకుంది. మంచిదే, షెడ్లకైతే మరీ మంచిది. కానీ ఇవన్నీ కట్టే ముందు, కట్టేటప్పుడు కాగితం మీద చూసేవి. తెల్లపూత మీద దుమ్ము పేరుకున్నాక, అద్దెకొచ్చినవాళ్లు బ్లైండ్లు దించాక అసలు బిల్లు ఎంతొచ్చిందో అడిగే పద్ధతి లేదు.

ఇంట్లోకి ఫ్రిజ్ కొంటే ఏడాదికి ఎన్ని యూనిట్లు తాగుతుందో స్టిక్కర్ మీద చూస్తాం. ఆఫీసు భవనాలకూ అలాంటి స్టార్లు బీఈఈ 2009 నుంచే ఇస్తోంది, చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లన్న అంకె చూసి. ఇష్టమున్నవాళ్లే తీసుకుంటారు. పది లక్షల అడుగుల టవర్‌కు టులెట్ బోర్డు పెట్టేటప్పుడు ఆ అంకె కూడా రాయాల్సిందేనని ఒక్క జీవో ఇస్తే, పడమటి అద్దం గురించి డెవలపర్‌తో మాట్లాడే పని లీజింగ్ ఏజెంటే చూసుకుంటాడు. షెడ్డుకైతే అంత లెక్క కూడా అక్కర్లేదు. మామూలు థర్మామీటరు ఒకటి మనిషి తల ఎత్తున తగిలించి, మార్చి నుంచి జూన్ దాకా రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆ అంకెను ప్రొడక్షన్ బోర్డు మీద, ఆ రోజు టార్గెట్ పక్కనే రాయించాలి.