మా ఇంట్ల ఇశ్రాయేలీయులు ఇంకా యొర్దాను దాటలే

ముందుగాల నా అర్హత ఏందో చెప్పాలె, ఎందుకంటే రోజూ బైబిల్ చదువుడు అనే ముచ్చట మీద ఈ మధ్య ఎవడు పడితే వాడు మాట్లాడుతున్నడు. నేను బైబిల్ మొత్తం చదువుదామని ఇప్పటికి పదకొండుసార్లు షురూ చేసిన. పదకొండు జనవరి ఒకటో తారీఖులు. పదకొండుసార్లు దేవుడు మా హన్మకొండ ఇంట్ల వెలుగు కలుగజేసిండు, పదకొండుసార్లు ఆదాము పండు తిన్నడు, నోవహు ఓడ ఎక్కిండు, యోసేపును అన్నలు అమ్ముకున్నరు. ఇశ్రాయేలీయులు మాత్రం ఒక్కపారి గూడ యొర్దాను నది దాటి వాగ్దాన దేశం చేరలే. అసలు వాళ్ళు అరణ్యంల తిరిగింది నలభై ఏండ్లే, నా బైబిల్‌ల ఉన్నోళ్ళకు ఇంకెన్నేండ్లు పడ్తదో మోషేకు గూడ తెల్వదు. గింత అనుభవం ఉన్నోణ్ణి కాబట్టి, క్రమం తప్పకుంట వాక్యం చదివే అలవాటు ఎట్ల చేసుకోవాల్నో సంఘానికి చెప్పే భారం నా మీదనే ఉన్నదని సవినయంగ మనవి చేస్తున్న.

నమ్మకపోతే నా బైబిల్‌ను మూసిపెట్టి పక్కపొంటి చూడుర్రి. ఆదికాండం దిక్కు అంచు నల్లగ, వేళ్ళ మరకలు, సంక్రాంతి సకినాల నూనె, రెండు మూడు చాయ్ చుక్కలు. నిర్గమకాండం సగం దాటినంక కాయితం తెల్లగయితది. అటెనుక వచ్చే బలులు, నియమాల పుస్తకం లేవీయకాండం షోరూం కండిషన్, పేజీలు ఇంకా ఒకదానికొకటి అతుక్కోనే ఉన్నయ్, ఊది విడదీయాలె. మధ్యల 23వ కీర్తన కాడ మళ్ళ ఒక నల్లగీత, 91 కాడ ఇంకొకటి, అవి ఆస్పత్రి టైంల పడ్డయి. జిప్పు కవరు మాత్రం నాలుగుసార్లు మార్పించిన, ఆ విషయంల నన్ను ఎవ్వరు వేలెత్తి సూపలేరు.

ఈ రోగం అంటుకునేది డిసెంబర్ 31 రాత్రి. వాచ్‌నైట్ సర్వీసు, బయట చలి, లోపట పాటలు, వెనుక నుంచి బిర్యానీ వాసన. ఏడాదికి ఒక వచనం రాసిచ్చే వాగ్దానం కార్డు తీసుకున్నంక మనిషి మెత్తగయితడు. సరిగ్గ గప్పుడే పాస్టర్ అయ్యగారు మైకుల అడుగుతరు, ఈ కొత్త సంవత్సరంల బైబిల్ మొత్తం చదివేటోళ్ళు ఎంతమంది, చేతులెత్తుర్రి అని. గా టైంల చెయ్యి ఎత్తకుంట ఉండాలంటే మస్తు ధైర్యం గావాలె, అంత ధైర్యం ఉంటే నేను చర్చిల వెనుక బెంచీల కూసుంటనా. అందరం ఎత్తుతం. ఎత్తినోళ్ళ లెక్క ఉంటది, దించినోళ్ళ లెక్క ఏ సంఘంల లేదు.

లెక్క అంటే యాదికొచ్చింది. మా ప్రొటెస్టెంట్ బైబిల్‌ల 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు, పాత నిబంధనల 929, కొత్త దాంట్ల 260. (ఫాతిమానగర్ దిక్కు క్యాథలిక్ దోస్తులకు 73 పుస్తకాలు, వాళ్ళ కష్టం వాళ్ళది.) 365తోని భాగిస్తే రోజుకు మూడు అధ్యాయాలు, మీద ఒక పావు చిల్లర మిగుల్తది. ఆ చిల్లర కొరకు పెద్దలు చేసిన ఏర్పాటు ఏందంటే మామూలు రోజులు మూడు, ఆదివారం అయిదు. గీ లెక్కన పోతే కనుమ నాటికి యోసేపు ఐగుప్తుల కన్నుమూస్తడు, రిపబ్లిక్ డే అటుఇటుగ బంగారు దూడ తయారయితది, జనవరి ఆఖరుకు లేవీయకాండం. మన జిల్లాల విశ్వాసులు ఎక్కువ శాతం ఆగిపోయే స్టేషన్ అదే అని నా సొంత సర్వే, సర్వేల పాల్గొన్నది నేనూ మా బామ్మర్ది.

స్టేషన్ అని ఊకె అనలే. మా బైబిల్ చదువుడు గ్రూపు అడ్మిన్ కాజీపేటల రైల్వే కొలువు చేసి రిటైరయిన సంఘ పెద్ద, ఎల్డర్ గారు. వాట్సాప్ గ్రూపుల పొద్దుగాల ఆ రోజు అధ్యాయాలు పెడ్తరు, చదివినోళ్ళు పచ్చ టిక్కు పెట్టాలె, రాత్రి పదింటికి ఎల్డర్ గారు జాబితా ఇడుస్తరు. టిక్కు పెట్టినోళ్ళు రైట్ టైం. ఒకరోజు ఎనుకబడ్డోళ్ళు లేట్ రన్నింగ్. మూడు రోజులు టిక్కు లేకపోతే రద్దు. పేరు ఎదురుంగ రద్దు అని చూసినంక ఆ మనిషికి చర్చిల మొఖం సూపెట్ట బుద్ధి కాదు, అందుకే అందరం టిక్కు విషయంల చానా నిష్ఠగ ఉంటం. నేను పొద్దున ఆరింటికే పెడ్త, పండ్లు తోముకోకముందే. ఒకనాడు టిక్కు పెట్టి ఫోన్ పక్కన పెట్టంగనే మా ఆమె అన్నది, "ఏమయ్యా, మూడు అధ్యాయాలు అప్పుడే అయినయా? బైబిల్ నిన్నటి సంది స్త్రీల కూడిక సంచిల ఉన్నది కదా." మనసుల ధ్యానం చేసిన అని చెప్పిన. ఆమె ఏం అనలే, చాయ్ కప్పు జర గట్టిగ పెట్టింది.

పద్ధతులు మస్తున్నయి, అన్నీ పరీక్షించిన. మొదటిది ఆడియో బైబిల్. గడ్డం చేసుకుంట వినొచ్చు, స్పీడ్ రెండింతలు పెడితే సగం టైంల అయిపోతది, కాకపోతే ధర్మశాస్త్రం చెప్పే మోషే ఎనుమాముల మార్కెట్ల మిర్చి వేలం పాడుతున్నట్టే వినిపిస్తడు. రెండోది మా బామ్మర్ది పద్ధతి. ఓబద్యా, ఫిలేమోను, రెండో యోహాను, మూడో యోహాను, యూదా, ఈ అయిదింట్ల తలా ఒక్కటే అధ్యాయం. పొద్దటి చాయ్ చల్లారేలోపు అయిదు పుస్తకాలు ఖతం చేసి, 66ల 5 అయిపోయినయ్ అని స్టేటస్ పెట్టిండు. అబద్ధం ఎక్కడున్నదో చెప్పుర్రి చూద్దాం. ఇగ కీర్తనలల 117 వచ్చిన రోజు మా గ్రూపుల పండుగ, రెండే వచనాలు, అందరం రైట్ టైం. రెండు అడుగులేస్తే 119 ఉంటది, 176 వచనాలు, అది గూడ పేరుకు ఒక్క అధ్యాయమే. ఆ నాడు సగం కాజీపేటకు జ్వరం.

మూడోది శనివారం పద్ధతి. వారమంత ఇడిసిపెట్టి శనివారం రాత్రి కూసొని ఇరవై అధ్యాయాలు గుంజుడు. దీనికి ఎల్డర్ గారు అరణ్యంల దేవుడు కురిపించిన మన్నా అనే తిండి కథ అడ్డం పెడ్తరు, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలె, రేపటికని దాసుకుంటే పురుగులు పడ్డయి కదా అని. నేను ఊకుంటనా, ఆరో రోజు రెండంతలు ఏరుకొమ్మని గూడ నిర్గమకాండం అదే 16వ అధ్యాయంల ఉన్నది కదా సార్, అది పాడు గాలే అని అన్న. నిర్గమకాండం మొదటి సగం పదకొండుసార్లు చదివితే గిసొంటి లాభాలుంటయి. వాదనకు నాకు తిరుగులేదు, నిర్గమకాండం 20వ అధ్యాయం దాటనంత వరకే.

అసలు ఈ అధ్యాయాలు, వచనాలు పెట్టింది ఎవరని మీకెన్నడన్న డౌటొచ్చిందా? మోషే కాదు, పౌలు కాదు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాలు 13వ శతాబ్దంల స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండు ఆర్చిబిషప్ పుణ్యం అంటరు. కొత్త నిబంధనల వచనాల నంబర్లు 1551ల రాబర్ట్ ఎస్తియెన్ అనే ప్రింటర్ వేసిండు, ఆయన ఆ పని ప్రయాణంల గుర్రం మీద పోతపోత చేసిండని ఒక కథ గూడ ఉన్నది. కొన్ని వచనాలు మాట మధ్యల ఎందుకు తెగుతయో మన హంటర్ రోడ్డు మీద బండి నడిపినోళ్ళకు చెప్పక్కర లేదు. అంటే పౌలు ఉత్తరం రాసినప్పుడు కొరింథు ఊరి సంఘపోళ్ళు ఈ రోజుకు మూడు అధ్యాయాలు చాలు, టిక్కు పెడ్దాం అనుకోలే. మొత్తం ఉత్తరం ఒక్క కూసునుడుల విన్నరు గావొచ్చు. విన్నోళ్ళల్ల నిద్రపోయినోళ్ళు గూడ ఉండే ఉంటరు, పౌలు అర్ధరాత్రి దాక మాట్లాడితే ఐతుకు అనే పిలగాడు కిటికీల కూసొని కునుకు తీసి మూడో అంతస్తు నుంచి కింద పడ్డడు కదా. పాపం ఆయన పేరు ఎదురుంగ ఎవ్వరు రద్దు అని రాయలే, కిందికి ఉరికి పోయి లేపుకొచ్చిన్రు.

మా గ్రూపుల ఫార్వర్డ్ అయి తిరిగే ఇంకో ప్లాన్ గూడ చిన్నదేం కాదు. 1842ల స్కాట్లండ్ డండీల రాబర్ట్ మర్రే మక్‌షేన్ అనే పాస్టర్ తన సంఘం కోసం తయారు చేసింది. రోజుకు ఇంచుమించు నాలుగు అధ్యాయాలు, ఏడాదిల పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు. జనవరి ఒకటిన ఆదికాండం, మత్తయి, ఎజ్రా, అపొస్తలుల కార్యములు నాలుగూ ఒక్కపారే షురూ. ఆ మనిషి 29 ఏండ్లకే, మరుసటి ఏడాదే చనిపోయిండు. అయితే ఆయన ఆ ప్లాన్ చేతిల పెట్టే ముందు దీనితోని వచ్చే ప్రమాదాలు గూడ రాసిండు. మొక్కుబడిగ చదువుడు, చదివిన అని గర్వపడుడు, ధ్యాస లేకుంట చదువుడు, కొందరికి మోయలేని కాడి అయిపోవుడు. మా గ్రూపుల ప్లాన్ పీడీఎఫ్ మూడుసార్లు ఫార్వర్డ్ అయింది. ప్రమాదాల పేజీ ఏ ఫార్వర్డ్‌ల రాలే, బహుశా మా నెట్‌వర్క్ ప్రాబ్లం.

ఇప్పుడు అసలు సంగతి. ఈ యేడు నేను ఒక్కనాడు గూడ టిక్కు తప్పలేదని, వచ్చే ఆదివారం "క్రమశిక్షణతో వాక్య ధ్యానం" మీద చర్చిల సాక్ష్యం, అంటే నా అనుభవం, చెప్పాలని ఎల్డర్ గారు ఫోన్ చేసిన్రు. శాలువా గూడ కప్పుతరట. వద్దు సార్ అని రెండుసార్లు అన్న, వినయం అనుకున్నరు. చర్చి ముంగట షామియానా గావాలంటే నన్నే పోయి మాట్లాడుమన్నరు, సరేనని మా గల్లీ చివర టెంట్ హౌస్‌కు పోయిన.

టెంట్ హౌస్ అన్న మా సంఘపోడే. ఫిబ్రవరిల రద్దయిన మొదటి పేరు ఆయనదే, ఆదివారం వెనుక గోడ కాడ నిలబడి మందిర్ల వాక్యం అయిపోంగనే సప్పుడు లేకుంట పోతడు. మేం అందరం ఆయన కోసం భారంతోని ప్రార్థన చేస్తున్నం, కనీసం చేస్తున్నమని గ్రూపుల రాసినం. నేను పోయేవరకు అన్న దుకాణం ముంగట రోడ్డు మీద పెద్ద తాడిపత్రి పరిచి టేపు పట్టుకోని కొలుస్తున్నడు, స్టూల్ మీద బైబిల్ బోర్లా పెట్టి ఉన్నది.

"ఏందన్నా, పెండ్లి ఆర్డరా?" అన్న.

"కాదు తమ్మీ, గిది సూడు," అన్నడు, "నిర్గమకాండం 26, అరణ్యంల దేవుని గుడారం ఎట్ల కట్టాల్నో ఇండ్లనే ఉన్నది. లోపట సన్న నార తెరలు పది, ఒక్కోటి 28 మూరలు. మూర అంటే అడుగున్నర, అంటే 42 అడుగులు. దాని మీద మేకవెంట్రుకల తెరలు పదకొండు, ఇవి 30 మూరలు. ఎందుకు ఎక్కువ పెట్టిన్రు? ఇటు మూరెడు అటు మూరెడు కిందికి దిగి లోపలి మంచి గుడ్డను కప్పుతది. ఆరో తెర ముందట మడత పెట్టుమన్నడు, నేను మడత పెట్టి చూసిన, గాలికి లేస్తలేదు తమ్మీ. ఇరవై ఏండ్ల సంది షామియానాలు కడ్తున్న, వాన పడితే నాకు లోపలి సిల్కు గుడ్డ తడుస్తనే ఉన్నది. ఎవ్వడు చెప్పలే."

ఆ తాడిపత్రి చుట్టూ ఒక తిప్పు తిరిగిన. ఆ అధ్యాయానికి నేను ఈ యేడు టిక్కు పెట్టిన, పోయిన యేడు గూడ పెట్టిన, అండ్ల కొలతలున్నయని నాకు ఇప్పుడే తెలిసింది. షామియానా కిరాయి మాట్లాడినం, సాక్ష్యం ముచ్చట చెప్పలే. బండి స్టార్ట్ చేస్తుంటె ఊకె ఉండలేక అడిగిన, "అన్నా, మరి ఫిబ్రవరి సంది గదే అధ్యాయంల ఉన్నవా? ఇంకా ముందుకు పోలేదా?"

అన్న టేపు చుట్టుకుంట, "యాడికి పోవుడు తమ్మీ," అన్నడు, "ఏబై కొలుకులు, ఏబై బంగారు గుండీలు ఉన్నయి. నేనింక గుండీల కాడనే ఉన్న."