మొద్దు చాకుకు పెద్దపీట

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు ఏనాడో తేల్చేశారు. ఒర సంగతి ఏమోగానీ, సగటు తెలుగు వంటింటి సొరుగులో డజను దాకా హాయిగా ఇముడుతున్నాయి. వాటిలో ఒక్కటి కూడా పండిన టమాటాను చిదమకుండా కొయ్యలేదు. నదీజలాల మీద, రాజధాని మీద, చివరికి ఉప్మా అసలు టిఫినేనా అన్నదాని మీద కూడా రోజుల తరబడి చర్చలు పెట్టుకున్న మనం ఈ సమస్యను ఇంతవరకూ పట్టించుకోకపోవడం విచారకరం. ఆ లోటు పూడ్చడానికే ఈ వ్యాసం. దయచేసి ఎవరూ నవ్వొద్దు.

ముందు చట్టం సంగతి చూద్దాం. ఆయుధాల నిబంధనల ప్రకారం అలుగు 9 అంగుళాల కంటే పొడుగున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా ఆ కత్తి ఆయుధాల కోవలోకి వస్తుంది. ఇంటి అవసరాలకూ వ్యవసాయానికీ పరిశ్రమలకూ చేసినవాటికి మాత్రం మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు రాసిన మహానుభావుడెవరో వేసవిలో ఒక్కసారైనా ఆవకాయ పెట్టే ఇంట్లో అడుగుపెట్టి ఉంటాడని నా నమ్మకం. లేకపోతే చెక్క దిమ్మకు బిగించిన ఆ మామిడికాయల కత్తిని సాక్ష్యంగా చూపించి ఏటా మే నెలలో గోదావరి జిల్లాల్లో సగం మంది మీద కేసులు పెట్టాల్సి వచ్చేది. మన సొరుగులో ఉన్న చాకులకు ఈ మినహాయింపు కూడా దండగే. వాటిని ఆయుధాలంటే అసలైన ఆయుధాలు నొచ్చుకుంటాయి.

చౌక చాకులు పోగెయ్యడం మనకొక్కళ్ళకే ఉన్న అలవాటు కాదు. ఫ్రాన్సులో 1890 నుంచి ఒపినెల్ అనే మడత చాకు చేస్తున్నారు. చెక్క పిడి, ఒక అలుగు, అంతే. రైతులు జేబులో వేసుకు తిరిగిన వస్తువు. స్వీడన్‌లో మోరా అనే ఊరి పేరు మీద వచ్చే చాకులూ అలాంటివే, ప్లాస్టిక్ పిడితో, తక్కువ ధరలో దొరుకుతాయి. వీటిని వరసగా పేర్చుకుని మురిసిపోయేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. అయితే వాళ్ళ చౌక చాకులకు కొయ్యడమనే దుర్గుణం ఒకటుంది. మన సేకరణలో ఆ లోపం ఎక్కడా కనపడదు. పైగా వాళ్ళు పనిగట్టుకుని సేకరిస్తారు. మన దగ్గరికి అవే వచ్చి చేరతాయి, పెళ్ళికి పిలవకుండా వచ్చే చుట్టాల్లా.

ఎలా చేరతాయో తెలియాలంటే నాంపల్లి ఎగ్జిబిషన్‌కు వెళ్ళాలి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ ఇది. అక్కడ ప్రతి ఏడూ ఏదో ఒక మూల, మెడకు మైకు తగిలించుకున్న అన్న ఒకాయన చాకుతో ఇనుప మేకును రంపం కోసినట్టు రాపాడిస్తుంటాడు. అదే చాకుతో వెంటనే టమాటాను కాగితమంత పల్చగా కోసి, ఆ ముక్కను అలుగుకు అంటించి మన ముఖం ముందు ఆడిస్తాడు. చుట్టూ ఉన్న జనం, జాలి తెలిసిన సంసారులు, "అబ్బా" అంటారు. నిజానికి ఆ చాకుకు పదును ఉండదు, పళ్ళుంటాయి. ఆ చిన్న రంపపు పళ్ళు టమాటా తొక్కను పట్టి చీలుస్తాయి. కొత్తలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పళ్ళు అరిగాక మామూలు సానరాయి మీద దాన్ని దారికి తేవడం ఎవరి వల్లా కాదు. ఈ సంగతి మైకులో చెప్పరు. మూడు కొంటే ఒకటి ఫ్రీ, పైన తొక్క తీసే బ్లేడు అదనం అని మాత్రం చెబుతారు. మిర్చి బజ్జీ తిని, జెయింట్ వీల్ ఎక్కి, చాకుల సెట్టు కొనకుండా బయటికొచ్చిన హైదరాబాదీ ఎవరైనా ఉంటే ఆయన్ను చూడాలని నాకు కోరిక.

ఇవి కాక కుక్కర్‌తో పాటు ఊరికే వచ్చినవి, రైల్లో దువ్వెనలూ తాళాలూ అమ్మే కుర్రాడి దగ్గర కొన్నవి, గృహప్రవేశంలో రిటర్న్ గిఫ్ట్‌గా ఇచ్చినవి ఎటూ ఉంటాయి.

ఇక సెంటిమెంట్ విషయం. ఈ మాట మనకు నేర్పింది సినిమావాళ్ళు కాబట్టి వర్గీకరణ కూడా వాళ్ళదే తీసుకుందాం. మొదటిది మదర్ సెంటిమెంట్ చాకు. అమ్మ కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్నది. సానపట్టీ పట్టీ అలుగు సగానికి సగం అరిగి, అగ్గిపుల్లకు అన్నలా తయారైంది. పగిలిన పిడికి రాగితీగ చుట్టి ఉంటుంది. రెండోది సిస్టర్ సెంటిమెంట్. చెల్లెలు కాలేజీ టూరులో ఊటీ వెళ్ళినప్పుడు తన పాకెట్ మనీతో అన్నయ్య కోసం కొన్న మడత చాకు. అది మడవడానికి ఇద్దరు మనుషులు కావాలి, విప్పడానికి కొబ్బరినూనె కావాలి. మూడోది దేవుడి సెంటిమెంట్. శ్రీశైలంలో దర్శనమయ్యాక దుకాణాల వరసలో బేరమాడి కొన్నది. "దేవుడి దగ్గర కొన్నది పారేస్తావా?" అని ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతారు, దుకాణం లైసెన్సు కూడా మల్లన్న పేరు మీదే ఉన్నట్టు. సొరుగు లాగినప్పుడల్లా ఒక్కొక్కదానికి ఒక్కో ఫ్లాష్‌బ్యాక్ మొదలవుతుంది. ఈలోపు పొయ్యి మీద పోపు మాడిపోతుంది.

ఈ రంగంలో నేను చేసిన పరిశీలనలో ఒక సూత్రం బయటపడింది. పదును తగ్గేకొద్దీ అభిమానం పెరుగుతుంది. కారణం కూడా స్పష్టమే. పదునున్న చాకుతో రోజూ గొడవే: వేలు తెగుతుంది, పిల్లలకు అందకుండా దాచాలి, కత్తిని చేతికివ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలి, లేకపోతే ఇద్దరికీ మాటలుండవు అని శాస్త్రం చెప్పాలి. మొద్దు చాకును ఎటువైపు నుంచి అందించినా బంధుత్వాలకు ఢోకా లేదు. చంటిపిల్లలు నిద్రలో ఉలిక్కిపడితే తలగడ కింద ఇనుము పెట్టాలంటారు కదా, ఆ ఉద్యోగానికి ఇంతకంటే అర్హత ఉన్న అభ్యర్థి దొరకడు. దసరాకు ఆయుధపూజలో పసుపు కుంకుమలతో ముందు వరసలో కూర్చునేదీ ఇదే. సంవత్సరమంతా పని చెయ్యనివాళ్ళకే సన్మానం చెయ్యడం మన ప్రజాజీవితంలో కొత్తేమీ కాదు.

మొన్న మా వీధిలోకి సానపట్టే అతను వచ్చాడు. ఇప్పుడు ఇతనికి అరిచే పని తప్పింది. సైకిల్‌కు కట్టిన చిన్న స్పీకరే "కత్తులూ కత్తెరలూ మిక్సీ బ్లేడులూ సానపడతాం" అని ఎంతసేపైనా చెబుతుంది. మా అమ్మ తన రాగితీగ చాకుతో పాటు ఎగ్జిబిషన్ సెట్టునూ పట్టుకెళ్ళింది. అతను సైకిల్ స్టాండు వేసి సీటు మీద కూర్చుని, పెడల్ తొక్కడానికి ముందు ఒక్కొక్కదాన్నీ బొటనవేలి గోరు మీద ఆనించి చూశాడు. పదునుంటే గోరును పట్టుకుని ఆగుతుంది, లేకపోతే జారుతుంది. అన్నీ జారాయి. ఎగ్జిబిషన్ సెట్టును పక్కన పెట్టేశాడు.

"ఇది ఇనుము కాదమ్మా, రేకు. దీనికి ఏం పట్టను?"

"మరి ఇదో?" అని అమ్మ తన చాకు చూపించింది.

"ఇది మంచి ఇనుమే. కానీ ఇంకేం మిగిలింది ఇందులో? ఇంకోసారి చక్రం మీద పెడితే పిడే మిగులుద్ది."

"పదును రాకపోయినా పర్లేదు నాయనా. ఊరికే ఒక చుట్టు తిప్పు. పాపం, ఎన్నాళ్ళైందో దానికి."

అతను మారుమాట్లాడకుండా నాలుగు నిప్పురవ్వలు రాలేలా చక్రానికి తాకించి ఇచ్చాడు. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. అది సేవా రుసుము అనుకోవాలి.

నాణ్యత పక్షం వాదన కూడా వినకపోతే పక్షపాతమంటారు. ఒకప్పుడు నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కూర్చునేవారు. ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, బొగ్గయ్యే పదార్థం చేర్చి, మూత బిగించి గంటల తరబడి కాల్చి తీసిన ఆ ఉక్కులో కార్బన్ దండిగా ఉండేది. అలుగు పదును నిలవడం చాలావరకు ఆ కార్బన్ పుణ్యమే. డమాస్కస్ కత్తులని ప్రపంచం చెప్పుకున్న వాటికి ఇలాంటి ఉక్కే మూలం. ఆ నేల మీద పుట్టిన మనం ఇవాళ స్టవ్‌తో ఫ్రీగా వచ్చిన చాకుతో దోసకాయ తొక్క తియ్యలేక చెమటలు కక్కుతున్నాం.

తుప్పు పట్టని ఉక్కు వేరే కథ. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా చూడాలని ప్రయోగాలు చేస్తూ, సుమారు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కును తయారుచేశాడు. అది చాకులకు పనికొస్తుందని ఆయనంటే, అక్కడి చాకుల తయారీదార్లు తెగని చాకులు కనిపెట్టిన మనిషని ఎగతాళి చేశారట. తర్వాత సరిగ్గా కాచి, చల్లార్చే పద్ధతి పట్టుబడ్డాక అవే చాకులు బంగారంలా పనిచేశాయి. మన చౌక చాకులు చేసేవాళ్ళు మాత్రం ఆ తర్వాతి భాగం చదవలేదు. షెఫీల్డువాళ్ళ మొదటి అభిప్రాయాన్నే గౌరవిస్తూ వస్తున్నారు.

నాణ్యమైన చాకు మా ఇంట్లోనూ ఉంది. డాలస్ నుంచి వచ్చిన మా బాబాయి కొడుకు జపాన్ చాకు ఒకటి తెచ్చాడు. దాని గట్టిదనం రాక్‌వెల్ లెక్కలో 60 దాటిందని, అంచు గాజులా ఉంటుందని, కొబ్బరిచిప్ప మీద గానీ ఎముక మీద గానీ పెడితే పెచ్చు లేచిపోతుందని గంటసేపు చెప్పి, వాడి విమానానికి వాడు వెళ్ళిపోయాడు. మన వంటింట్లో చాకు చేసే పనులు వాడికి గుర్తులేవు. కొబ్బరి పెళ్ళ లేపాలి, డబ్బా మూత ఊడదియ్యాలి, కుక్కర్ పిడి మరలు బిగించాలి, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఐసు పొడవాలి. కూరగాయలు కొయ్యడం వీటి మధ్య తీరిక దొరికితే చేసే పని. వాడు వెళ్ళిన మర్నాడే అమ్మ తీర్పు చెప్పింది: "అంత ఖరీదు చాకుతో బెండకాయలు కోస్తారా ఎవరైనా?" ఆ పూటే అది బీరువా ఎక్కింది. పట్టుచీరల పక్కన, వెండి కుంకుమభరిణె వెనకాల, నాఫ్తలీను ఉండల వాసన పీలుస్తూ ఉంది. చుట్టాలొస్తే దర్శనం ఉంటుంది.

నాణ్యత, అభిమానం రెండూ కలిసిన వస్తువు లేదా అంటే ఉంది, అటక మీద. అమ్మమ్మ కత్తిపీట. ఊళ్ళో కమ్మరి లారీ కమాన్ పట్టీని కాల్చి సాగగొట్టి చేసిన అలుగు. పీట మీద కాలేసి కూర్చుంటే రెండు చేతులూ ఖాళీ. గుమ్మడికాయైనా గోంగూర కట్టైనా అలుగు మీదికి తోస్తే చాలు. తడి తుడవకపోతే తుప్పు పడుతుంది, చింతకాయ తగిలితే నల్లబడుతుంది, పనసకాయకు ముందు నూనె రాయకపోతే జిగురు వదలదు. అన్నీ ఒప్పుకున్నా, ఇప్పటికీ అటక మీది నుంచి దింపితే మొత్తం సొరుగును సిగ్గుపడేలా చేస్తుంది. కానీ దింపేదెవరు? మోకాళ్ళు ఒప్పుకోవు, మాడ్యులర్ కిచెన్‌లో కింద కూర్చునే చోటు లేదు. అందుకే పాతకాలపు రుచులని బోర్డు పెట్టుకున్న హోటళ్ళలో కత్తిపీటలు గోడలకెక్కుతున్నాయి. కింద బల్ల మీద బ్రెడ్డు చాకు పెడతారు.

మరి రోజూ ఇంట్లో కూరగాయలు ఎవరు కోస్తున్నారు? కిరాణా కొట్లో అట్టకు రబ్బరు బ్యాండు వేసి వేలాడదీసే ఆకుపచ్చ పిడి చాకు. పేరు లేదు, ఊరు లేదు, ఎవరూ బహుమతిగా ఇవ్వలేదు, ఏ కొండ మీదా కొనలేదు. ఉక్కు మెత్తన కాబట్టి వారానికే అంచు పక్కకు వాలిపోతుంది. అప్పుడు ఊరగాయ జాడీని బోర్లించి, అడుగున మెరుపు పూత లేని గరుకు వలయం మీద నాలుగుసార్లు ఇటూ అటూ రాస్తే మళ్ళీ లేచి నిలబడుతుంది. ఉల్లిపాయలూ అదే, పచ్చిమిర్చీ అదే, కొరియర్ కవరూ అదే. ఒకరోజు ఆనపకాయ తొక్కలతో పాటు చెత్త కవర్లోకి వెళ్ళిపోతుంది. ఆ ఉదయం కాసేపు వెతుకుతాం, పనమ్మాయిని అనుమానిస్తాం, సాయంత్రం ఇంకోటి కొనేస్తాం. సెంటిమెంట్ చాకులు మాత్రం ఏ చెత్త కవర్లోకీ పొరపాటున కూడా పోవు. పని ఉన్న వస్తువే పోతుంది.

ఈ పరిస్థితుల్లో నేనొక సంస్కరణ ప్రతిపాదించాను. మా వీధిలో ఆదివారాలు "పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలిస్తాం" అంటూ ఒక ఆటో తిరుగుతుంది. సొరుగంతా తూకానికి వేసేద్దామన్నాను. ఇంట్లో వాళ్ళు ఆశ్చర్యంగా వెంటనే ఒప్పుకున్నారు. ఆటో అతను కూడా తరాజు దింపాడు. అప్పుడు మా ఆవిడ ఒక న్యాయమైన ప్రశ్న వేసింది. ఆకుపచ్చ చాకు మొన్నే చెత్తలో పోయింది కదా, వచ్చే ఉల్లిగడ్డలు కొయ్యడానికి ఒక్కటైనా ఉంచుకోవాలి, ఏది ఉంచుదామంది. అమ్మ రాగితీగ చాకు అంది. నేను ఊటీ చాకు అన్నాను. ఆవిడ, తన పుట్టింటివాళ్ళు గృహప్రవేశానికి ఇచ్చిన సెట్టులో చిన్నదన్నా ఉండాలంది. శ్రీశైలం చాకును తూకంలో వేస్తే పాపమన్న విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకటే మాట. ఆటో అతను ఇంజిన్ ఆపి, సీటు కింద నుంచి తన చాకు తీసి, జామకాయ కోసుకు తినడం మొదలుపెట్టాడు. చక్కగా తెగుతోంది. ఎక్కడ కొన్నావని అడిగితే, పోయిన వారం ఇలాంటి ఇంట్లోనే తూకానికి వచ్చిందన్నాడు.