‘కనబడని చోట చేసుకోండి’: నాజీ క్యాంపుల పక్క ఊళ్లకు ఏం తెలుసు?

జర్మనీలో మ్యూనిక్ దగ్గరి డాఖౌ క్యాంపు తెరవక ముందే దాని గురించి పేపర్లో వచ్చింది. 1933 మార్చి 20న, అప్పటికి మ్యూనిక్ పోలీసు అధిపతిగా ఉన్న నాజీ నాయకుడు హైన్రిక్ హిమ్లర్ విలేకరులను పిలిచి మరీ చెప్పాడు: డాఖౌలో మూతపడిన మందుగుండు ఫ్యాక్టరీ ఆవరణలో ఐదు వేల మంది పట్టే నిర్బంధ శిబిరం మొదలవుతోందని. మర్నాడు ఆ వార్త మ్యూనిక్ పత్రికలో అచ్చయింది. ఆ మర్నాడు మొదటి ఖైదీలు దిగారు. హిట్లర్ గద్దెనెక్కి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

యుద్ధం ముగిశాక క్యాంపుల పక్క ఊళ్లవాళ్లంతా ఒకే పాట పాడారు: ‘మాకేం తెలియదు’. పూర్తిగా దాచిపెట్టాలనుకున్నవాడు ప్రెస్‌మీట్ పెట్టడు కదా. నాజీలకు కావలసింది ఇంకొకటి. క్యాంపు ఉందని అందరికీ తెలియాలి, లోపల ఏం జరుగుతుందో మాత్రం ఊహకే వదిలేయాలి. భయం పుట్టేది అలాగే. ‘దేవుడా, నన్ను మూగవాణ్ణి చెయ్యి, డాఖౌకి పోకుండా చూడు’ అనే అర్థం వచ్చే రెండు వాక్యాలు అప్పట్లో జనం నోళ్లలో నానాయి. 1938 నవంబరులో యూదుల ప్రార్థనా మందిరాలను తగలబెట్టినప్పుడు సుమారు 30 వేల మంది యూదు పురుషులను పట్టుకుపోయి డాఖౌ, బూఖెన్‌వాల్డ్, జాక్సెన్‌హౌజెన్ క్యాంపుల్లో పడేశారు. వాళ్లలో చాలామంది కొన్ని వారాల తర్వాత గుండు గీయించుకున్న తలలతో, బక్కచిక్కి ఇళ్లకు తిరిగొచ్చారు. నోరు విప్పబోమని వాళ్లతో సంతకాలు పెట్టించుకున్నారు నిజమే. ఆ మనుషుల వాలకం చూసినవాళ్లకు వాళ్లు నోరు విప్పాల్సిన పని ఏముంది?

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ట్రెబ్లింకా, సోబిబోర్ లాంటి హత్యా కేంద్రాలు ఆక్రమిత పోలండ్‌లో ఉన్నాయి. గ్యాస్ ఛాంబర్లలో జరిగేదంతా ఒక మామూలు జర్మన్ గృహిణికి వివరంగా తెలుసనడం అతిశయోక్తి. అలాగని వార్తలు అసలు రాలేదా? జర్మనీలో చిన్న ఊరైన లౌబాఖ్‌లో కోర్టు ఉద్యోగి ఫ్రీడ్రిక్ కెల్నర్ 1941 అక్టోబరులోనే తన డైరీలో రాసుకున్నాడు, పోలండ్‌లో యూదులను గుంతల ముందు నిలబెట్టి కాల్చడం చూశానని సెలవు మీద వచ్చిన ఒక సైనికుడు చెప్పినట్టు. కెల్నర్‌కి గూఢచారులెవరూ లేరు. ఊళ్లో మాట్లాడుకునేది చెవిన పడేది, అంతే.

జర్మనీ లోపలి క్యాంపుల సంగతి వేరు. వైమార్‌ని చూడండి. మహాకవులు గోథే, షిల్లర్ నడిచిన ఊరు, జర్మన్ సంస్కృతికి రాజధాని లాంటిది. దానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని ఎటర్స్‌బెర్గ్ కొండ మీద 1937లో క్యాంపు కట్టారు. స్థానిక నాజీ సాంస్కృతిక సంఘం అభ్యంతరం చెప్పింది. క్యాంపు మీద కాదు, పేరు మీద! ఎటర్స్‌బెర్గ్ అంటే గోథే గుర్తొస్తాడు, ఆ పేరు వద్దన్నారు. అలా ‘బూఖెన్‌వాల్డ్’ అన్న కొత్త పేరు వచ్చింది. ఆ తర్వాత క్యాంపు ఊరి జీవితంలో కలిసిపోయింది. మొదటి ఏళ్లలో ఖైదీలు దిగింది వైమార్ స్టేషన్‌లోనే. 1940 దాకా శవాలను దహనం చేసింది వైమార్ మునిసిపల్ శ్మశానంలోనే. ఊరి వ్యాపారులు క్యాంపుకి సరుకులు సప్లై చేశారు. ఖైదీలు ఊళ్లోని గుస్ట్‌లోఫ్ ఆయుధ ఫ్యాక్టరీలో పనిచేశారు, బాంబులు పడ్డాక వీధుల్లో శిథిలాలు ఎత్తారు. పక్కనే ఉన్న ఎర్‌ఫుర్ట్‌లో టాప్ఫ్ అండ్ సన్స్ కంపెనీ క్యాంపుల కోసం దహన కొలుములు తయారు చేసింది. బూఖెన్‌వాల్డ్‌కీ, ఆష్విట్జ్‌కీ కూడా. ఆర్డర్లు, బిల్లులు, ఉత్తరప్రత్యుత్తరాలు, అన్నీ మామూలు ఆఫీసు పద్ధతిలోనే నడిచాయి.

1945 ఏప్రిల్ 16న జనరల్ ప్యాటన్ ఆదేశంతో అమెరికన్ సైనికులు వెయ్యి మందికి పైగా వైమార్ పౌరులను ఆ కొండ ఎక్కించి శవాల గుట్టలు చూపించారు. కొందరు మొహం తిప్పుకున్నారు, కొందరు స్పృహ తప్పారు. ఆ దిగ్భ్రాంతి నటనని నేననను. శవాల సంఖ్య తెలియకపోవచ్చు, ఆ వాసన అంత దగ్గరగా తగిలి ఉండకపోవచ్చు. కానీ ఎనిమిదేళ్లుగా ఖైదీలను చూస్తూ వచ్చిన ఊరికి అది కొత్త లోకం ఎలా అవుతుంది?

ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసేది మౌతౌజెన్ నుంచి వచ్చిన ఒక ఫిర్యాదు. అప్పటికి జర్మనీలో కలిపేసుకున్న ఆస్ట్రియాలో, డాన్యూబ్ ఒడ్డున ఉంది ఆ ఊరు. 1941లో అక్కడి క్యాంపు క్వారీ పక్కన ఉండే ఒక రైతు మహిళ అధికారులకు రాసింది: క్వారీలో ఖైదీలను కాలుస్తున్నారు, సరిగా చావనివాళ్లు గంటల తరబడి శవాల పక్కనే పడి ఉంటున్నారు, అసలే నా ఆరోగ్యం బాగాలేదు, ఈ దృశ్యాలు తట్టుకోలేకపోతున్నాను. చివరికి ఆమె అడిగింది ఇదీ: ఈ అమానుషాన్ని ఆపండి, లేదంటే ఎవరికీ కనబడని చోట చేసుకోండి.

ఆమెను రాక్షసి అనలేం. ఫిర్యాదు చేయడానికే ఎంతో కొంత ధైర్యం కావాలి, పైగా ‘అమానుషం’ అన్న మాట కూడా వాడింది. కానీ ఆ ‘లేదంటే’ దగ్గరే అసలు విషయం బయటపడుతుంది. తెలియడం ఆమెకు సమస్య కాదు, రోజూ చూడాల్సి రావడమే సమస్య.

అంత భయం ఉన్నచోట ఎవరేం చేయగలరు అని అడుగుతారు. భయం నిజమే. అయితే జర్మనీలోని హడామార్ ఊరి సంగతేమిటి? ఆ ఊరి ఆసుపత్రిలో 1941లో వికలాంగులను, మానసిక రోగులను గ్యాస్‌తో చంపారు. బస్సులు రాగానే ‘హత్యల పెట్టె వచ్చింది’ అని పిల్లలు అరిచేవాళ్లనీ, పొగ ఊరంతటికీ కనబడేదనీ లింబర్గ్ బిషప్ ఆ ఆగస్టులో న్యాయశాఖ మంత్రికి ఉత్తరం రాశాడు. అంతకు పది రోజుల ముందే మ్యూన్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్ చర్చి ప్రసంగ వేదిక మీదే వీటిని హత్యలన్నాడు. ఆగస్టు 24న హిట్లర్ ఆ గ్యాస్ హత్యలను ఆపించాడు. తర్వాత ఇంజెక్షన్లతో, ఆకలితో గుట్టుగా చంపడం కొనసాగింది, అది వేరే సంగతి. ఆ చచ్చిపోయినవాళ్లు జర్మన్ కుటుంబాల పిల్లలు, అన్నదమ్ములు, మేనత్తలు. అందుకే కోపం వచ్చింది, నోరూ లేచింది. క్యాంపుల్లో చస్తున్నవాళ్లు కమ్యూనిస్టులు, యూదులు, జిప్సీలు, సోవియట్ ఖైదీలు. సమాచారం రెండుచోట్లా దాదాపు ఒకే దారిన, వదంతిగా, పొగగా, వాహనాలుగా వచ్చింది. దాన్ని తమ సొంత విషయంగా తీసుకున్నారా లేదా అన్నదగ్గరే తేడా వచ్చింది.

యుద్ధం తర్వాత ‘తెలియదు’ అన్న మాటకి ఉపయోగం ఇంకా పెరిగింది. నాజీ గతం ఉన్నవాళ్లను ఏరడానికి మిత్రదేశాలు ప్రశ్నావళులు పంచిపెట్టాయి. ఉద్యోగం నిలవాలన్నా, వ్యాపారం నడవాలన్నా అమాయకత్వం అవసరమైంది. డాఖౌ క్యాంపు బ్యారకుల్లో చాలా ఏళ్లు శరణార్థి కుటుంబాలు కాపురాలు చేశాయి. అక్కడ స్మారక కేంద్రం తెరిచింది 1965లో, క్యాంపు విముక్తమైన ఇరవై ఏళ్లకు. దానికోసం ఏళ్ల తరబడి తిరిగి, ఒత్తిడి చేసి సాధించింది ఆ క్యాంపు నుంచి బతికి బయటపడిన ఖైదీలే.