సవరణ: మతిమరుపుకి విటమిన్ బి12
పర్లాకిమిడి, రాయగడ వైపు పెద్దల కోసం పెట్టిన పోస్టులో ‘మతిమరుపుంటే బి12 వాడండి’ అన్న వాక్యాన్ని ఇలా చదువుకోండి: ముందు రక్తపరీక్ష, తర్వాతే మందు. బి12 సూది వేయించుకున్నాక పరీక్షిస్తే అంకె పెరిగి అసలు బి12 లోటు దాగిపోతుంది. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపుంటే సాధారణంగా లోటే; 200–300 మధ్య డాక్టరే తేల్చాలి.

షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకి, రోజూ పాంటాప్రజోల్ (ఎసిడిటీ మాత్ర) మింగేవాళ్లకి ఈ లోటు రావచ్చు. అలాగని షుగరు మాత్ర మానేయకండి. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత సర్దుకుంటుంది గానీ, నరాలు లోపల్లోపల దెబ్బతింటూనే ఉంటాయి. చోడి (రాగి) అంబలి మంచిదే, బి12 మాత్రం అందులో వెతక్కండి. పాలు, గుడ్లు, చేపల్లో దొరుకుతుంది.

థైరాయిడ్, చెవులు కూడా చూపించండి. గుబిలి అడ్డుపడి మాట వినబడకపోయినా ఇంట్లోవాళ్లు మతిమరుపనే అంటారు.